ఓర్వియెటో బావిలోకి దిగే ముందు

చిరంజీవి అమ్మడికి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. వచ్చే నెల నీ పట్టా ఉత్సవానికి తామిద్దరూ రోముకు వస్తున్నారనీ, అది ముగిసిన రెండో రోజున నువ్వు మీ నాన్నను వెంటబెట్టుకుని ఓర్వియెటో వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తానంటున్నావనీ, కాళ్ళ వాపుల వల్ల తాను మాత్రం గదిలోనే ఉండిపోతాననీ చెప్పింది. ఆ ఊరి పేరు వినగానే నాకు ఎంత సంతోషం కలిగిందో అంత దిగులూ కలిగింది. ముప్పై ఏళ్ళు జూనియర్ కళాశాలలో చరిత్ర పాఠం చెప్పిన మనిషికి, తన మేనకోడలు రోములో చదువు పూర్తిచేసి కన్నతండ్రికి, రోమన్ల కన్నా ముందు మధ్య ఇటలీలో వెలిగిన ఎట్రుస్కన్ల ఊరు చూపించబోతున్నదంటే గర్వం కాక మరేముంటుంది? దిగులు సంగతి తరువాత చెబుతాను. ఫోనులో చెబితే నువ్వు మూడుసార్లు "సరే అత్తా" అని నాలుగోసారికి మాట మారుస్తావు కనుక ఉత్తరమే రాస్తున్నాను. రోము నుంచి ఆ ఊరికి రైలులో గంటకు పైగానే పడుతుంది. ఆ గంటలో నిదానంగా చదువుకో.

ముందు చిన్న సంగతులు. అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు, చూసి ఎక్కు. కాగితం టికెట్టు కొన్నట్లయితే ఎక్కే ముందే ప్లాట్‌ఫారం దగ్గరి మిషనులో ముద్ర వేయించుకో. తిరుగు రైలుతో పాటు ఆ తరువాతి రైలు వేళ కూడా కాగితం మీద రాసి పెట్టుకో. వీధులన్నీ రాళ్ళు పరిచినవి, వాన పడితే జారుతాయి. ప్రయాణం కోసమని మీ నాన్నకు కొత్త బూట్లు మాత్రం కొనవద్దు. స్టేషను ఎదుటే కొండ మీదికి ఫ్యునిక్యులర్, అంటే తాడు లాగే రైలు, ఉంటుంది. 1888లో అది మొదలైనప్పుడు నీటి బరువుతో నడిచేదట. 1970లో మూతపడి, 1990లో కరెంటుతో మళ్ళీ మొదలైంది. రెండు పెట్టెల్లో ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది, నడిమధ్యన ఒకదాన్నొకటి తప్పుకుంటాయి. ఈ ఊళ్ళో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ తప్పుకునే చోట్లు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి నా గుండె మీద పడింది, అక్కడికీ వస్తాను.

నీకు నేను చెప్పదలచిన మొదటి మాట, ఆ ఊరిని పై నుంచి కిందికి చూడవద్దు, కింది నుంచి పైకి చూడు. వచ్చినవాళ్ళలో చాలామంది ఫ్యునిక్యులర్ దిగగానే బస్సెక్కి కెథడ్రల్ ముందు వాలిపోయి, ఫోటోలు తీసుకుని, ఐస్‌క్రీం తిని, మిగిలిన సమయంలో కింద ఏదైనా ఉంటే చూద్దామనుకుంటారు. అది చివరి అధ్యాయం చదివి పుస్తకం మూసేయడం లాంటిది. ఆ ఊరు మొత్తం ఒకే ఒక్క రాతి దిమ్మె మీద ఉంది. అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి ఏర్పడిన ఆ రాయిని టఫ్ అంటారు. ఇనుప పలుగుతో మనిషి చేతనైనంత లోతు తవ్వుకోవడానికి అనువైనది, తవ్విన గోడ నిలబడేంత గట్టిది. అందుకే రెండున్నర వేల ఏళ్ళుగా పైన ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ కింద ఒక గుహ తవ్వుకున్నాడు. ఊరి కింద ఇప్పటికి లెక్కకు వచ్చిన గుహలు 1200 దాకా ఉన్నాయి.

కనుక పొద్దున్నే కొండ ఎక్కకుండానే, ఉత్తరం వైపు కొండ పాదాన ఉన్న సమాధుల ఊరికి వెళ్ళు. దాన్ని క్రొచిఫిస్సొ దెల్ తూఫొ అంటారు. క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దంలో ఎట్రుస్కన్లు తమ చనిపోయినవారి కోసం తిన్నని వీధులు వేసి, ఒకదాని పక్కన ఒకటిగా, ఒకే కొలతలో రాతి గదులు కట్టారు. మన ఊళ్ళలో శ్మశానానికి ఎవరైనా వీధులు కొలిచి వేస్తారా చెప్పు! గుమ్మం పైన రాతి దూలం మీద అక్షరాలు చెక్కి ఉంటాయి, కుడి నుంచి ఎడమకు చదవాలి. ఆ లిపి గ్రీకుల నుంచి వచ్చింది కాబట్టి చదవడం వచ్చు. ఆ భాష మాత్రం చుట్టుపక్కల ఏ భాషకూ చుట్టం కాదు కాబట్టి అర్థం కొంతవరకే తెలుసు. అయినా మొదటి మాట తెలుసు. "మి" అంటే నేను. "నేను ఫలానావారి దానను" అని ఆ గుమ్మమే తనంతట తాను మనతో చెబుతున్నట్టు రాసి ఉంటుంది. అక్కడ మీ నాన్నను కాసేపు నిలబెట్టు. లోపల గోడ వారగా శవాన్ని పడుకోబెట్టే రాతి అరుగులు రెండు ఉంటాయి, చూసి భయపడేవి కావు.

ఆ ఊరి అసలు పేరు వెల్జ్నా, రోమన్లు వోల్సీని అన్నారు. క్రీస్తుకు పూర్వం 264లో రోమన్లు దాన్ని కూల్చివేసి, బతికినవాళ్ళను బొల్సేనా సరస్సు ఒడ్డుకు తరిమి అక్కడ కొత్త ఊరు పెట్టించారు. దాసులుగా ఉండి విడుదలైనవాళ్ళు పెత్తనం చేజిక్కించుకున్నారని పాత పెద్దలే రోముకు కబురు పంపి ఈ చావును ఇంటికి పిలుచుకున్నారట. రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో, రోమన్లు ఆ ఊరి మీద పడింది అక్కడి 2000 విగ్రహాల కోసమేనన్న నిందను ప్రస్తావించాడు. అమరావతి స్తూపపు రాళ్ళు కొన్ని సున్నపు బట్టీలకూ, కొన్ని మద్రాసుకూ, కొన్ని లండనుకూ పోయిన జిల్లాలో పుట్టిన మనకు ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ఊరిని పట్టుకున్న రోమన్ కాన్సుల్ ఫుల్వియస్ ఫ్లాకస్ "వోల్సీని పట్టుబడగా" అని తన పేరు చెక్కించుకున్న రాతి పీఠం నువ్వుంటున్న రోములోనే, సాంత్ ఒమొబోనొ చర్చి దగ్గర తవ్వకాల్లో బయటపడింది. దాని మీద నిలబెట్టిన విగ్రహాలు లేవు, అవి పెట్టడానికి తొలిచిన గుంటలున్నాయి.

ఇందులో నువ్వు గమనించవలసింది ఒకటుంది. పాత ఊరు అంటే పొరల మీద పొరలు అని అందరూ అంటారు. ఓర్వియెటోలో మాత్రం ఎట్రుస్కన్ పొర మీద రోమన్ పొర చాలా పలుచన, ఎందుకంటే కొండ మీద కొన్ని వందల ఏళ్ళు పెద్దగా ఎవరూ లేరు. రోము సామ్రాజ్యం కూలి, భయం పుట్టి, జనం మళ్ళీ ఎత్తు వెతుక్కుంటూ వచ్చి ఆ శిథిలాల మధ్య కాపురం పెట్టారు. లాటిన్‌లో "ఉర్బ్స్ వేతుస్" అన్నారు, అదే నలిగి నలిగి ఓర్వియెటో అయింది. అర్థం పాత ఊరు. పాత గుంటూరులో పుట్టిన మీ నాన్నకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు, రోజంతా నీ వెంట నడుస్తాడు.

సమాధుల తరువాత పైకి వచ్చి భూగర్భంలోని గుహలు చూడు. సొంతంగా తిరగనివ్వరు, మనుషులను గుంపుగా తీసుకువెళ్ళి చూపిస్తారు. 1970ల చివరలో కొండచరియలు విరిగిపడినప్పుడు ఊరే జారిపోతుందేమోనని భయపడి కింద ఏముందో వెతకడం మొదలుపెట్టారు, అప్పుడు ఈ గుహల లెక్క బయటకు వచ్చింది. ఒకచోట ఒలీవ నూనె గానుగ ఉంటుంది. మరొకచోట గోడ నిండా వందల కొద్దీ చదరపు గూళ్ళు ఉంటాయి. అవి పావురాల కోసం. కొండ అంచున కిటికీ వదిలి, పావురాలు బయట మేత మేసి వచ్చి లోపల గుడ్లు పెట్టేట్టు చేసి, కూర వండుకునేవారు. ముట్టడి వచ్చినప్పుడు ఇంట్లోంచి అడుగు బయటపెట్టకుండా మాంసం దొరికే ఏర్పాటది, పాపం పావురాలు. ఇంకొక చోట సన్నగా, నలుచదరంగా, నిటారుగా కిందికి పోయే ఎట్రుస్కన్ బావి కనబడుతుంది. దిగడానికి ఎదురెదురు గోడలకు కాళ్ళు పెట్టుకునే గుంటలుంటాయి. లోతు చూడటానికి మీ నాన్న వంగుతాడు. వంగనివ్వకు.

ఇక బావి సంగతికి వచ్చాం. నా దిగులంతా ఇందులోనే ఉంది.

మీ నాన్న నీకు చెప్పి ఉండడు. వాడికి ఆరేళ్ళప్పుడు, అమ్మమ్మ ఊళ్ళో దిగుడు బావికి నేను బిందె తీసుకుని వెళుతుంటే వాడూ వెంటపడ్డాడు. పై మెట్టు మీద కూర్చోబెట్టి, "నేను వచ్చేదాకా ఇక్కడే కూర్చో, కదిలితే వీపు చిట్లగొడతాను" అన్నాను. నాకు పదమూడేళ్ళు. నీళ్ళు ముంచి వెనక్కి తిరిగేసరికి వాడు నా వెనకే దిగి వచ్చి, పాచి మెట్టు మీద కాలు జారి నీళ్ళలో ఉన్నాడు. ఎదురింటి తాతయ్య దూకి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఇంట్లో ఆ రోజు వీపు చిట్లింది నాదే. అప్పటి నుంచి మీ నాన్నా, బావీ ఒకే వాక్యంలో వినబడితే నాకు అరచేతులు చెమర్చుతాయి. ఓర్వియెటోలో ముఖ్యంగా చూడవలసినది బావి అయితే నేనేం చేయను?

2009లో దసరా సెలవుల్లో మేమిద్దరం మీ బావ దగ్గరకు మ్యూనిక్ వెళ్ళి, అక్కడి నుంచి పది రోజులు ఇటలీ తిరిగాం. ఆ పది రోజుల ఊళ్ళన్నీ నేను ఎంచినవే. మీ మామయ్య అడిగింది ఒక్కటే, ఓర్వియెటోలోని సాన్ పత్రీత్సియొ బావి. సాగర్ కుడి కాలువ మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన ఇంజనీరు, నీళ్ళ కోసం మనుషులు ఎక్కడ ఏ తెలివి చూపించినా ఆయనకు అదే తీర్థయాత్ర. ముందు రోజు రాత్రి హోటల్ గదిలో పెన్నుతో గీసి మరీ నాకు పాఠం చెప్పారు. 1527లో చక్రవర్తి అయిదో చార్లెస్ సేనలు రోమును దోచుకున్నప్పుడు పోపు ఏడవ క్లెమెంట్ నెలల తరబడి కోటలో బందీగా ఉండి, ఆ ఏడాది డిసెంబరులో మారువేషంలో తప్పించుకుని ఈ కొండ మీదికి వచ్చిపడ్డాడు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ తన విడాకుల కోసం పంపిన దూతలు ఆయనను వచ్చి కలిసింది కూడా ఈ ఊళ్ళోనే. శత్రువు కొండను చుట్టుముడితే తాగడానికి నీళ్ళు ఉండవని భయపడి, ఆంతోనియొ ద సంగాల్లొ అనే వాస్తుశిల్పి చేత బావి మొదలుపెట్టించాడు. పది సంవత్సరాలు పట్టింది. అది పూర్తయిన 1537 నాటికి క్లెమెంట్ చనిపోయి మూడేళ్ళయింది, ముట్టడి ఎలాగూ రాలేదు. గుమ్మం మీద లాటిన్‌లో, రక్షణకు ప్రకృతి ఇవ్వనిదాన్ని మనిషి శ్రమ చేర్చింది అన్న అర్థం వచ్చే వాక్యం చెక్కి ఉంది. ఆ వాక్యం చెబుతున్నప్పుడు మీ మామయ్య గొంతు కొంచెం మారింది, నేను గమనించనట్టు పక్క సర్దుకున్నాను.

బావి సుమారు 53 మీటర్ల లోతు, 13 మీటర్ల వెడల్పు. నడిమధ్యన ఖాళీ గొట్టం, దాని చుట్టూ గోడలో మెలికలు తిరుగుతూ రెండు మెట్ల దారులు. ఒకదానికి 248 మెట్లు, రెండోదానికీ అన్నే. ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి. నీళ్ళు మోసే కంచరగాడిదలు దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఎదురుపడకుండా ఉండాలని అలా కట్టారు. రెండు దారుల గుమ్మాలు పైన ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉంటాయి. దారులు మాత్రం ఎక్కడా కలవవు, ఒక్క అడుగున తప్ప. అక్కడ నీళ్ళ మీద చిన్న వంతెన ఉంది. నడుమ గొట్టంలోకి తెరుచుకునే కిటికీలు డెబ్బై దాకా ఉన్నాయి, వెలుతురంతా పై నుంచి ఆ కిటికీల్లోకి వస్తుంది. ఒక దారిలో ఉన్నవాడు రెండో దారిలో ఉన్నవాణ్ణి కిటికీలోంచి చూడగలడు, పలకరించగలడు, చేరుకోలేడు.

ఇంత పాఠం విన్న తరువాత మరునాడు మధ్యాహ్నం బావి ముందు నిలబడి నేనేమన్నానో తెలుసా? "మీ గుండెకు స్టెంటు వేసి ఏడాది కాలేదు, మీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, 248 మెట్లు ఎక్కలేరు. మీరీ బెంచీ మీద కూర్చోండి, నేను దిగి మీకోసం ఫోటోలు తీసుకొస్తాను" అన్నాను. ఆయన వాదించలేదు. ఎప్పుడూ వాదించేవారు కాదు, అదే ఆయన తప్పు. నాకు అలవాటు చేశారు. ఫోను ఆయన జేబులో ఉంది, మా ఇద్దరికీ ఒకటే ఫోను. కెమెరా నా చేతిలో ఉంది. ఆయన బెంచీ మీద కూర్చుని చేతులు ఒడిలో పెట్టుకుని చూస్తుంటే, నేను దిగాను.

నిజం చెప్పాలంటే నేను సరిగా చూడను కూడా లేదు. ఆయన పైన ఒంటరిగా ఉన్నారన్న తొందరలో గబగబా దిగి, వంతెన మీద నాలుగు ఫోటోలు తీసి, గబగబా ఎక్కుతున్నాను. ఇంకో మూడు నాలుగు చుట్లు ఉన్నాయనగా, ఎదుటి కిటికీలో ముదురు ఆకుపచ్చ స్వెటరు కనబడింది. గోడ తడుముకుంటూ, నింపాదిగా, ఒక్కొక్క కిటికీ దగ్గర ఆగి తల బయటికి పెట్టి పైకీ కిందికీ చూసుకుంటూ, మీ మామయ్య దిగుతున్నారు. టికెట్టు కొనుక్కుని వచ్చేశారన్నమాట. "ఏమండీ" అని నేను పెట్టిన కేకకు బావి మొత్తం ఏమండీ అంది. ఆయన చిన్నపిల్లవాడిలా చెయ్యి ఊపి, ఇంకో మలుపు తిరిగి కనబడకుండా పోయారు.

అక్కడ నేను ఆగి ఆలోచించవలసింది. బయటికి వచ్చే గుమ్మం ఒకటే కదా, అక్కడ కూర్చుంటే ఆయనే వస్తారు. లేదా వెనక్కి దిగి వంతెన మీద ఉంటే చేరుకుంటారు. నేను రెండూ చేయలేదు. పైకి పరుగెత్తి, కట్టడం చుట్టూ తిరిగి, టికెట్లు చూసే అతనికి సైగలతో, రెండు భాషల్లో సగం సగం మాటలతో, నా భర్తకు గుండెజబ్బు అని చెప్పి, మళ్ళీ దిగే దారిలో దిగాను. సగం లోతుకు వెళ్ళేసరికి ఆయన ఎక్కే దారిలో సగం పైకి వచ్చేశారు. మళ్ళీ కిటికీకి కిటికీ ఎదురు. ఆయన ఏదో చేత్తో సైగ చేశారు. అక్కడే ఉండమంటున్నారని నాకు అర్థమైంది. పైకి రమ్మన్నానని తరువాత ఆయన అన్నారు. నేను అడుగుకు పోయి వంతెన మీద ఇరవై నిమిషాలు నిలబడ్డాను. జనం వేసిన నాణేలు నీళ్ళలో మెరుస్తున్నాయి. పై నుంచి దిగివచ్చే ప్రతి అడుగుల చప్పుడుకూ తల ఎత్తాను. ఆయన రాలేదు. ఆ ఇరవై నిమిషాల్లో నేను అనుకోని అశుభం లేదు, తల్లీ. ఆరేళ్ళ మీ నాన్న జుట్టు నీళ్ళ మీద తేలుతున్నది కూడా కళ్ళ ముందుకు వచ్చింది.

చివరికి 248 మెట్లు రెండోసారి ఎక్కి వస్తే, నన్ను వెతుక్కుంటూ ఆయన పక్కనున్న కోట తోటలోకి వెళ్ళారు. నేను కెథడ్రల్ దారిలో వెతికాను. రెండు గంటలు అలా తిరిగి, కాళ్ళు లాగేస్తుంటే బావి దగ్గరికే వచ్చాను. అదే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నా ముఖం చూసి, "చూశావా, అయిదు వందల ఏళ్ళయినా డిజైను ఎంత సరిగ్గా పనిచేస్తోందో, మనల్ని రెండుసార్లు ఎదురుపడనివ్వలేదు" అన్నారు. నేను ఆ నడివీధిలో ఆయనను ఎంత తిట్టానో ఆ ఊరి పావురాలకే తెలుసు. ఆ రోజు కెథడ్రల్ తలుపులు మూసేశాక గాని మేము దాని ముందుకు చేరలేదు, రైలూ తప్పిపోయింది. మీ మామయ్య పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు నాకు గుర్తుకు వచ్చేది పోయిన రైలు కాదు, మూసిన తలుపులూ కాదు. ఆ ఊళ్ళో ఆయన కోసమే కట్టినట్టున్న ఒకే ఒక్కదాని ముందు, చూడగలరా లేరా అని ఆయనను ఒక్క మాటైనా అడగకుండా, నేను బెంచీ చూపించాను.

కాబట్టి అమ్మడూ, మీ నాన్న మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, వాడి షుగరు సంగతీ తెలుసు. అయినా బావి దగ్గర "నువ్వు ఇక్కడే కూర్చో నాన్నా" అన్న మాట నీ నోట రాకూడదు. అడుగు. వద్దంటే నువ్వూ దిగవద్దు, ఇద్దరూ పైనే కూర్చుని ఆ గుమ్మం మీది అక్షరాలు చదువుకోండి. సరేనంటే ఇద్దరూ ఒకేసారి దిగండి, నువ్వు ఒక మెట్టు ముందు ఉండు. మెట్లు గాడిదల కోసం కట్టినవి కాబట్టి వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉంటాయి. భయపడవలసినంత కష్టం కాదని రెండుసార్లు ఎక్కిన నేను చెబుతున్నాను. ఎక్కేటప్పుడు ప్రతి మూడో కిటికీ దగ్గర ఆగండి. లోపల చలిగా, చెమ్మగా ఉంటుంది, వాడికి మఫ్లరు చుట్టు. ముందు ఏదైనా తినిపించు. ఎక్కడైనా విడిపోతే కలుసుకునే చోటు ఒకటి రైలు దిగగానే అనుకోండి, ఫోనును నమ్ముకోకండి.

బావికి నాలుగు అడుగుల్లో, అదే చౌకు పక్కన, ఎట్రుస్కన్ గుడి పునాదులు ఉన్నాయి, బెల్వెదేరె గుడి అంటారు. మెట్లూ, స్తంభాల మొదళ్ళూ తప్ప ఏమీ మిగలలేదు, టికెట్టు లేదు, అయిదు నిమిషాలు చాలు. సాంత్ ఆంద్రేయా చర్చికి పన్నెండు ముఖాల గోపురం ఉంటుంది. దాని నేల కింద పాత క్రైస్తవ ఆలయపు మొజాయిక్ (రంగు ముక్కలు పొదిగిన) నేల, దాని కింద ఎట్రుస్కన్ల ఆనవాళ్ళు ఉన్నాయి. మోరో గోపురం 47 మీటర్లు. బావి దిగి ఎక్కిన రోజున దాని జోలికి పోవద్దు.

కెథడ్రల్‌ను సాయంత్రానికి ఉంచుకో, కానీ మూసే వేళకు గంటన్నర ముందే చేరు. దాని ముఖం పడమటి వైపు, దిగే ఎండ పడ్డప్పుడు మొజాయిక్ బంగారం వెలుగుతుంది. 1290లో పునాది వేశారు. పక్క గోడలు నల్లరాయి, తెల్లరాయి వరసలు వరసలుగా మన చారల బట్టలా ఉంటాయి. మొజాయిక్‌లు తరువాతి కాలాల్లో చాలావరకు మార్చినవే. అసలైన పని కింద నాలుగు స్తంభాల మీద ఉంది. 1310లో సియెనా నుంచి వచ్చి పని చేపట్టిన లొరెంజొ మైతాని కాలంలో చెక్కిన చిత్రాలవి, సృష్టి మొదలు తుది తీర్పు దాకా. ఎడమ చివరి స్తంభం మీద నిద్రపోతున్న ఆదాము పక్కటెముక తీస్తున్న దేవుణ్ణి చూడు. మనిషి కళ్ళకు అందే ఎత్తులోనే చెక్కారు. మేము ఆ రాత్రి వీధి దీపాల వెలుతురులో చూసింది అదొక్కటే.

లోపల కుడి వైపు సాన్ బ్రీత్సియొ మందిరం నేను ఇప్పటికీ చూడలేదు, తరగతిలో మాత్రం ముప్పై ఏళ్ళు పుస్తకంలో చూపించాను. 1447లో ఫ్రా ఆంజెలికొ అనే చిత్రకారుడు పైకప్పులో కొంత బొమ్మలు వేసి వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు. యాభై ఏళ్ళు అలా సగంలో ఆగింది. 1499లో లూకా సిన్యొరెల్లి వచ్చి 1504 నాటికి పూర్తిచేశాడు. ఆ బొమ్మల్లో, లోకాంతం వచ్చినప్పుడు భూమిలోంచి అస్థిపంజరాలు చేతులు ఊనుకుని పైకి లేచి ఒళ్ళు తెచ్చుకుంటాయి, ఒకరినొకరు కౌగలించుకుంటారు. అబద్ధపు క్రీస్తు బోధ చేసే చిత్రంలో ఎడమ మూలన సిన్యొరెల్లి నల్లటి దుస్తుల్లో తననే వేసుకుని, పక్కన తనకన్నా ముందు ఆ పని మొదలుపెట్టి చనిపోయిన ఆంజెలికొను కూడా నిలబెట్టాడు. ఎదుటి మందిరంలో, 1263లో బొల్సేనాలో పూజారి చేతిలోని రొట్టె నుంచి రక్తం కారి తడిసిందని నమ్మే వస్త్రం ఉంది. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. అక్కడ మోకరించినవాళ్ళ ముందు మాత్రం గట్టిగా మాట్లాడకండి. ఆరాధన జరుగుతుంటే బయట ఆగండి.

తిండి గురించి పెద్దగా బెంగలేదు. ఉంబ్రికెల్లి అనే లావు పాటి చేతి సేమ్యా ఉంటుంది, మాంసం వద్దని ముందే చెప్పి చేయించుకో. ఊరి ద్రాక్షసారాయి పేరున్నది, మీ నాన్న రుచి చూస్తానంటాడు. ఒక్క గుక్కకు నేను చూడనట్టు ఊరుకుంటాను.

ఈ ఉత్తరంతో మీ మామయ్య ఆ రాత్రి గీసిన బొమ్మ జిరాక్సు జతచేస్తున్నాను. రెండు మెలికల దారులూ, వంతెనా, బాణం గుర్తులూ ఉన్నాయి. తిరిగి వచ్చాక పక్కన పెన్సిలుతో "కిటికీలు 70?" అని రాసుకున్నారు. కొన్ని పుస్తకాల్లో 72 అని ఉంది. తాను దిగుతూ లెక్కపెట్టుకుంటున్నప్పుడు నేను అరిచిన అరుపుకు రెండు తప్పిపోయాయని చివరిదాకా నన్ను దెప్పుతూనే ఉండేవారు. దిగేటప్పుడు నువ్వు దిగే దారివీ, ఎక్కేటప్పుడు మీ నాన్న ఎక్కే దారివీ లెక్కపెట్టి, ఎన్ని ఉన్నాయో నాకు రాయండి.

ఇట్లు,
మీ అత్త